కూర్చుని తిన్నా కరగని కొండ

సభకు నమస్కారం.

కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయన్న మాట మనందరం చిన్నప్పటి నుంచీ విన్నదే. నేను వృత్తిరీత్యా ఆడిటర్ని. ముప్పై నాలుగేళ్లుగా ఇతరుల ఆస్తుల పట్టీలు, అప్పుల పట్టీలు చూస్తూ వచ్చాను. ఆ మాట ఎవరి విషయంలో నిజమో, ఎవరి విషయంలో కాదో ఆ కాగితాల్లో తేటగా కనిపిస్తుంది. ఉన్నత మధ్యతరగతికీ ఉన్నత వర్గానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పమని నన్ను అడిగారు. నా జవాబు ఆ సామెతలోనే ఉంది. కూర్చుని తింటే ఎవరి కొండ కరుగుతుందో, వాళ్లు ఎంత ఎత్తున ఉన్నా మధ్యతరగతి వాళ్లే. కూర్చుని తింటున్నా ఎవరి కొండ పెరుగుతూ పోతుందో, ఉన్నత వర్గం వాళ్లది.

ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉండే రెండు కుటుంబాలను ఊహించుకోండి. ఒక ఇంట్లో పేరున్న సర్జన్. ఎదురింట్లో తాతల నాటి నుంచి కంపెనీల్లో పెద్ద వాటాలున్న మనిషి. ఇద్దరి కార్లూ ఒకే రకం, పిల్లల బడి ఒకటే, సెలవుల్లో వెళ్లే చోట్లూ అవే. బయటి నుంచి చూసేవాళ్లకు తేడా కనిపించదు. సర్జన్ ఇల్లే కాస్త ఆర్భాటంగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఇద్దరి లెక్కలూ విప్పుదాం. సర్జన్ ఏడాదికి పది వంతులు సంపాదించి, ఏడు ఖర్చుపెట్టి, మూడు దాస్తాడనుకోండి. కొన్నేళ్లకు ముప్పై వంతులు పోగయ్యాయి. ఒకరోజు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఆపరేషన్లు ఆగిపోయాయి. దాచిన ముప్పై మీద ఏడాదికి 6 శాతం పెరుగుదల వచ్చినా, ఇంటి ఖర్చు మునుపటిలాగే ఏడైతే, అయిదేళ్లు తిరిగేసరికి అడుగు కనిపిస్తుంది. ఎదురింటాయనవి మూడు వందల వంతుల వాటాలు. అవీ అదే 6 శాతం చొప్పున పెరుగుతాయి, అంటే ఏడాదికి పద్దెనిమిది. ఆయన ఇంటి ఖర్చూ సర్జన్‌దంతే, ఏడు. మిగిలిన పదకొండు వెళ్లి అసలులో కలుస్తాయి. ఆయన మంచాన పడినా, దేశాలు తిరుగుతున్నా, నిద్రపోతున్నా అవి కలుస్తూనే ఉంటాయి. పెరుగుదల రేటు ఇద్దరికీ ఒకటే. తెలివి కూడా సమానమే అనుకుందాం. ఒకరి అసలు ఇంటి ఖర్చును మోయగలదు, రెండో ఆయనది మోయలేదు.

రెక్కాడితే గానీ డొక్కాడదన్న మాటను మనం కూలికి వెళ్లేవాళ్ల గురించే వాడతాం. సర్జన్ గురించి ఎవరూ అనరు. ఆయన ఆకలికి దూరంగా ఉన్నాడు, నిజమే. కూలి మనిషి కష్టంతో ఆయన కష్టాన్ని సమానం చేయడం నా ఉద్దేశం కాదు, అలా చేస్తే అది అన్యాయం. అయినా ఆయన రాబడికి మూలం ఆయన రెక్కలే. పెద్ద వకీలుదీ అంతే, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పై మెట్టు మీదున్న ఇంజనీరుదీ అంతే. వాళ్లు తమ గంటలను చాలా ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నారు. అమ్మడం మానేస్తే కొట్టు మూతపడుతుంది.

ఈ గీత చెరిగిపోయినట్టు కనిపించే చోట్లు లేకపోలేదు. జీతంలో కొంత భాగం కంపెనీ షేర్ల రూపంలో అందుకుని, ఆ కంపెనీ బాగా ఎదగడంతో అవతలి ఒడ్డుకు చేరినవాళ్లున్నారు. తాను పనిచేసే ఆసుపత్రిలోనే వాటా కొని యజమాని అయిన డాక్టర్లున్నారు. కానీ గమనించండి, వాళ్లను దాటించింది జీతం కాదు, చేతికొచ్చిన వాటా. జీతం మాత్రమే పెరుగుతూ పోతే ఖర్చు కూడా దాని వెంటే నడుస్తుంది. పెద్ద ఇల్లు, పెద్ద అప్పు, పెద్ద వాయిదా. ఉన్నత మధ్యతరగతి కుటుంబాల పట్టీల్లో నాకు తరచూ కనిపించిన అతి పెద్ద ఆస్తి వాళ్లు కాపురముంటున్న ఇల్లే. దాని ధర ఎంత పెరిగినా అది నెలనెలా చేతికేమీ ఇవ్వదు, పైగా తీసుకుంటుంది. అమ్ముదామంటే ఉండటానికి ఇంకో ఇల్లు కావాలి.

ప్రపంచ స్థాయిలో చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టం. 2022 ప్రపంచ అసమానతల నివేదిక ప్రకారం, పైనున్న 10 శాతం మంది చేతికి మొత్తం ఆదాయంలో 52 శాతం వెళుతోంది. ఆస్తి దగ్గరికొస్తే అదే 10 శాతం మంది వాటా 76 శాతం. ఆదాయంలో ఉన్న అంతరం ఆస్తిలోకి వచ్చేసరికి ఎంత పెరిగిందో చూడండి. 1990ల నడుమ నుంచి ప్రపంచంలో కొత్తగా పుట్టిన సంపదలో 38 శాతం పైనున్న ఒక్క శాతానికే చేరిందని కూడా ఆ నివేదిక చెబుతుంది. అంటే ఆ పది మందిలో కూడా తొమ్మిది మంది ఒక దారి, ఒక్కడు ఇంకో దారి. మనం మాట్లాడుకుంటున్న గీత ఆ ఒక్కడికీ తొమ్మిది మందికీ మధ్య ఉంది.

చరిత్రలో ఈ తొమ్మిది మంది పుట్టింది కూడా ఈమధ్యనే. 1910 ప్రాంతంలో యూరప్ ఆస్తిలో దాదాపు 90 శాతం పైనున్న 10 శాతం చేతిలో ఉండేది. యుద్ధాలు, గట్టి పన్నులు, అందరికీ చదువు, పింఛన్లు, వీటన్నిటి తర్వాత గానీ సొంత ఇల్లూ కొంత పొదుపూ ఉన్న ఒక పెద్ద మధ్య వర్గం అక్కడ నిలబడలేదు. అది నిలబడింది సమాజం చేసుకున్న నిర్ణయాల వల్ల. ఈ సంగతి ఆ వర్గమే మరిచిపోవడం నన్ను చాలా బాధపెడుతుంది.

ఇక పన్నులు. ఇది నా రోజువారీ పని, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. జీతం తీసుకునేవాడి పన్ను డబ్బు చేతికి రాకముందే కోత పడుతుంది. వాటాల మీద పెరిగిన విలువకు అలా కాదు. చాలా దేశాల్లో వాటా అమ్మినప్పుడే పన్ను. అమ్మకపోతే లేదు. మరి అమ్మకుండా బతకడమెలా? వాటాలను తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటారు. అప్పు ఆదాయం కాదు గనుక దాని మీద పన్ను లేదు. ఆస్తి పెరిగే వేగం కంటే వడ్డీ తక్కువగా ఉన్నంతకాలం ఇది నడుస్తుంది. అమెరికాలో యజమాని చనిపోయాక వారసుల చేతికి వచ్చిన వాటాలకు కొన్న ధర ఆనాటి మార్కెట్ ధరే అని చట్టం లెక్కిస్తుంది. బతికుండగా పెరిగిన విలువ మీద ఆదాయపు పన్ను ఇక ఎవరూ కట్టరు. ఎడ్వర్డ్ మెకాఫరీ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దీన్ని మూడు ముక్కల్లో చెప్పాడు. కొను, అప్పు చెయ్యి, చచ్చిపో.

2021లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ అమెరికాలోని 25 మంది అత్యంత సంపన్నుల పన్ను రికార్డులను పరిశీలించింది. 2014 నుంచి 2018 వరకు వాళ్ల సంపద 40,100 కోట్ల డాలర్లు పెరిగింది. ఆ అయిదేళ్లలో వాళ్లు కట్టిన ఫెడరల్ ఆదాయపు పన్ను 1,360 కోట్ల డాలర్లు. పెరిగిన సంపదలో అది 3.4 శాతం. ఇందులో చట్టం తప్పినదేమీ లేదు. నేను చెప్పదలచుకున్నదీ అదే. మన సర్జన్ ఏ చట్టం కింద తన రాబడిలో మూడో వంతు కడుతున్నాడో, ఆ చట్టంలోనే వాళ్లకు ఇంత వెడల్పు దారి ఉంది. సర్జన్‌కు నాలాంటి ఆడిటర్ ఒకడుంటాడు, రాసి ఉన్న నిబంధనను చదివి పెట్టడానికి. అవతలివాళ్లకు ఆ నిబంధన రాసేటప్పుడే అభిప్రాయం చెప్పే చోటు ఉంటుంది. వర్గం, గౌరవం, అధికారం మూడూ వేర్వేరని జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వివరించాడు. మధ్యతరగతి పైమెట్టు మీదున్నవాళ్లకు మొదటిది కొంత, రెండోది బాగానే దొరుకుతాయి. మూడోది దాదాపు దొరకదు.

గౌరవం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళతాను. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆస్తి కరిగిపోయినా వంశం పేరు, మాట తీరు, పాత పరిచయాలు ఇంకో తరం దాకా పనిచేస్తాయి. కొత్తగా డబ్బు చూసినవాడికి అవి ఉండవు. ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1979లో అచ్చయిన తన పుస్తకంలో అభిరుచి కూడా ఒక రకం పెట్టుబడేనని చూపించాడు. అయితే ఈ విషయానికి మనవాళ్లు ఇచ్చే ప్రాధాన్యం మితిమీరిందని నా అభిప్రాయం. ఏ సంగీతం వింటారు, ఏ రంగు బట్టలు కడతారు అన్నవి నేర్చుకోవచ్చు. వాటాల రిజిస్టరులో పేరు అలా నేర్చుకుంటే వచ్చేది కాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే తేడా పిల్లల దగ్గర ఉంది. సర్జన్ తన కూతురికి ఇల్లు ఇవ్వగలడు, పొదుపు ఇవ్వగలడు. తన చేతి నేర్పు ఇవ్వలేడు. డాక్టరు పట్టాను వీలునామాలో రాసే వీల్లేదు. తండ్రి నిలబడ్డ చోట నిలబడాలంటే ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి పరీక్ష రాయాలి. ఆ ఇళ్లలో తల్లిదండ్రులు మార్కుల గురించి అంతగా ఎందుకు తపిస్తారో తెలియక మనం వాళ్లను తప్పుపడతాం. అది గొప్పల కోసం కాదు, భయం వల్ల. ఒక్క తరం తడబడితే మెట్టు జారుతుందని వాళ్లకు ఒంట్లో తెలుసు.

అవతలి ఇంట్లో పిల్లవాడు తడబడవచ్చు. వ్యాపారం పెట్టి నష్టపోయి, మరొకటి పెట్టి, మూడోదానిలో నిలదొక్కుకోవచ్చు. మూడోదాని గురించి పత్రికలు రాసేటప్పుడు మొదటి రెండూ అనుభవం అవుతాయి. సర్జన్ కూతురికి మొదటిదే ఆఖరిది. ధైర్యం పుట్టుకతో వచ్చే గుణమని మనం అనుకుంటాం. చాలాసార్లు అది కింద పరిచి ఉన్న వల ఎంత గట్టిదన్న దాన్ని బట్టి వస్తుందని నేను కాగితాల్లో చూశాను.

పరీక్ష అన్నాను కదా, అక్కడ కూడా గీత ఉంది. అమెరికాలోని పన్నెండు పేరున్న విశ్వవిద్యాలయాల ప్రవేశాలపై ఆర్థికవేత్త రాజ్ చెట్టీ, ఆయన సహచరులు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రవేశ పరీక్షలో ఒకే మార్కులు వచ్చిన పిల్లల్లో, పైనున్న 1 శాతం కుటుంబాల పిల్లలకు సీటు దొరికే అవకాశం సగటు కంటే 34 శాతం ఎక్కువ. పైనున్న 0.1 శాతం వాళ్లకైతే రెట్టింపుకు మించి. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యం అందుకొక పెద్ద కారణం. మధ్యతరగతి ప్రాణంగా నమ్ముకున్న ఒకే ఒక్క నిచ్చెన కూడా పైకి వెళ్లేకొద్దీ వేరేవాళ్లకు అనువుగా వంగి ఉంది.

తరాల లెక్క ఇంకా పొడుగ్గా సాగుతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1427 నాటి పన్ను జాబితా నేటికీ భద్రంగా ఉంది. ఇటలీ కేంద్ర బ్యాంకు ఆర్థికవేత్తలు ఇద్దరు అందులోని ఇంటిపేర్లను 2011 పన్ను లెక్కలతో పోల్చి చూశారు. ఇప్పుడు బాగా సంపాదిస్తున్న కుటుంబాల ఇంటిపేర్లు ఆరు వందల ఏళ్ల కిందట కూడా పై వరుసలోనే ఉన్నాయి. మధ్యలో రాజ్యాలు పోయాయి, మతకలహాలు, రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి.

ఈ పొడుగును కాపాడే పనిముట్టు ట్రస్టు. ఆస్తి ట్రస్టు పేరున ఉంటుంది, అనుభవం కుటుంబానిది. అప్పులవాడు వచ్చినా, విడాకులు జరిగినా, దుబారా కొడుకు పుట్టినా అసలు కదలదు. చచ్చిపోయినవాడి ఇష్టం బతికున్నవాళ్లను శాశ్వతంగా కట్టేయకూడదని ఇంగ్లిష్ సంప్రదాయ చట్టంలో ఒక హద్దు ఉండేది. ట్రస్టు రాసేనాటికి బతికున్న ఒకరి జీవితకాలం, ఆపైన 21 ఏళ్లు, అక్కడితో సరి. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం 1983లో ఆ హద్దును ఎత్తేసింది. ఇప్పుడక్కడ ట్రస్టుకు ముగింపు తేదీ అక్కర్లేదు. వారసత్వ పన్నూ ఇలాగే అనేక దేశాల్లో వెనక్కి తగ్గింది. కెనడా 1972లో, ఆస్ట్రేలియా 1979లో కేంద్ర స్థాయిలో, భారతదేశం 1985లో, నార్వే 2014లో దాన్ని తీసేశాయి.

వారసత్వ పన్ను మాట వచ్చినప్పుడల్లా అందరికంటే గట్టిగా అరిచేది మన సర్జన్ లాంటివాళ్లే. బ్రిటన్‌లో చనిపోయినవాళ్లలో నూటికి అయిదుగురి ఆస్తి మీద కూడా ఆ పన్ను పడటం లేదు. అమెరికాలోనైతే వెయ్యికి ఇద్దరు కూడా ఉండరు. తమ తలుపు తట్టని పన్నుకు భయపడి, నెలనెలా తమ జీతంలో కోత పడే పన్నును వీళ్లు మౌనంగా కడుతున్నారు. వీళ్లను తిట్టాలని నాకు లేదు. నేనూ వాళ్లలో ఒకణ్ని, నా రాబడీ నా కళ్లూ వేళ్లూ పనిచేసినంతకాలమే. ఎదురింటివాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగినంత మాత్రాన వాళ్ల ప్రయోజనాలు మనవైపోవని, ఆ మెట్ల కిందున్న నర్సుకీ డ్రైవరుకీ మనకీ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిదని నా వయసు వాళ్లతో వాదిస్తూనే ఉన్నాను.

కొన్నేళ్ల కిందట ఒకే వారంలో నా బల్ల మీదికి రెండు ఫైళ్లు వచ్చాయి. మొదటిది చెయ్యి వణుకుతున్న ఒక డాక్టరుది. ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లుంది, కూతురు పైచదువు మధ్యలో ఉంది. ఏ పొదుపు ముందు విరిస్తే నష్టం తక్కువో చెప్పమని అడిగారు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని లెక్క కట్టి ఇచ్చాను. రెండోది ఒక కుటుంబ ట్రస్టులో లబ్ధిదారుల జాబితాకు సవరణ. ఒక పేరు కొత్తగా చేర్చాలి. పుట్టిన తేదీ గడి దగ్గర ఆగి చూశాను. ఆ పాపకు అప్పటికి పంతొమ్మిది రోజులు.