మొహమాటం ముందు మన విలువలు ఎంతసేపు నిలుస్తాయి?

[విజువల్: రోడ్డు పక్కన వడ్ల కుప్పలు. గాలికి లేస్తున్న పట్టాలను రాళ్లు పెట్టి ఆపుతున్న రైతులు. మబ్బు పట్టిన ఆకాశం.]

ఏప్రిల్ నెలాఖరు, యాసంగి వడ్లు కోసిన టైమ్. నల్లగొండ జిల్లాలో ఏ ఊరి ఐకేపీ సెంటర్‌కు, అంటే వడ్లు కొనే సెంటర్‌కు పోయినా ఇదే కనిపిస్తుంది. కుప్పల దగ్గరే పడుకునే రైతులు, ఎప్పుడొస్తుందో తెలియని లారీ, పొద్దుగూకే వేళకు లేచే మబ్బు. సెంటర్ నడిపేది మహిళా సంఘం. తేమ చూసే మిషన్, రిజిస్టర్, సీరియల్ నంబర్లు, అన్నీ ఒక అక్క చేతిలో ఉంటాయి.

ఒక సంగతి ఊహించుకోండి. ఆ అక్క దగ్గరికి సొంత చిన్నాయన వచ్చాడు. ఆయన కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసి మిషన్‌లో పోస్తే 19 చూపించింది. 17 శాతం దాటితే తీసుకోవద్దని రూలు. పైగా ఆయన సీరియల్ రేపు గానీ రాదు.

“బిడ్డా, వానొచ్చెటట్టున్నది. ఇయ్యాల్నే కాంటా పెట్టియ్యరాదు. రెండు పాయింట్లకు ఏమైతది?”

వెనకాల పదిమంది చూస్తున్నారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. రాత్రికి అరుగు మీద అంటారు.

ఇదే అక్కను నెల కింద “నీకు అన్నిటికంటే ముఖ్యమైనవి ఏంటి?” అని అడిగి ఉంటే “న్యాయంగా ఉండాలె, మనోళ్లను చూసుకోవాలె” అనేది. రెండూ నిజమే. ఆ రెండూ ఒకే కుప్ప దగ్గర ఎదురుపడతాయని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు.

[టైటిల్ కార్డు]

నమస్తే. విలువల గురించి మనం చిన్నప్పుడు బడిలో విన్నదంతా మంచికీ చెడుకీ మధ్య తగువు. అబద్ధం ఆడొద్దు, దొంగతనం చేయొద్దు. పెద్దయ్యాక చూస్తే అలాంటి పరీక్షలు తక్కువే. ఎక్కువసార్లు తగువు ఒక మంచికీ ఇంకో మంచికీ మధ్య. దోస్తు లోన్‌కు షూరిటీ సంతకం పెట్టాలా, ఇంట్లోవాళ్ల పొదుపు కాపాడాలా? అమ్మానాన్నల మాట వినాలా, నచ్చిన చదువు చదవాలా?

అందుకే విలువల లిస్టు రాసుకోండి అని చెప్పే వీడియోల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఎవరు రాసినా అవే నాలుగు మాటలు వస్తాయి: నిజాయితీ, కుటుంబం, కష్టం, గౌరవం. లంచం తీసుకునేవాడిని రాయమన్నా అవే రాస్తాడు, పైగా మంచి దస్తూరితో.

షాలోమ్ ష్వార్ట్జ్ అనే ఇజ్రాయెల్ సైకాలజిస్టు 1992లో 20 దేశాల సమాచారంతో ఒక పరిశోధన అచ్చువేశాడు. మనుషులు ముఖ్యమనుకునే విలువలను పది రకాలుగా విడదీసి, వాటిని ఒక చక్రంలో అమర్చాడు.

[గ్రాఫిక్: పది ముక్కల చక్రం. ఎదురెదురు ముక్కలు ఒకేసారి వెలగాలి.]

పక్కపక్కన ఉన్నవి ఒకదానితో ఒకటి పొసుగుతాయి. ఎదురెదురుగా ఉన్నవి లాగులాడుకుంటాయి. సంప్రదాయానికి ఎదురుగా సొంత నిర్ణయం. పక్కవాడి మేలుకు ఎదురుగా సొంత విజయం. ఈ పదీ దాదాపు అన్ని సమాజాల్లోనూ కనిపిస్తాయని, మనిషికీ మనిషికీ తేడా వాటి వరుసలోనే అని ఆయన వాదన. అంటే మీకు ఏ విలువలు ఉన్నాయన్నదాని కంటే, రెండు ఢీకొన్నప్పుడు మీరు దేన్ని ముందు పెడతారన్నదే అసలు ప్రశ్న.

ఒక చిన్న మాట చెప్పి ముందుకు పోదాం. ఇల్లు కట్టుకోవడం, బిడ్డకు సీటు రావడం, ఇవి గోల్స్. అయిపోతే అయిపోయినట్టే. న్యాయంగా ఉండటం అలా అయిపోయేది కాదు, గృహప్రవేశం మర్నాడు కూడా మిగిలే ఉంటుంది. చాలామంది ఈ రెండిటినీ కలిపేసుకుంటారు. అందుకే గోల్ చేరాక కూడా ఏదో వెలితి.

సరే, వరుస తెలిసినా మనం దాన్ని ఎందుకు పాటించలేకపోతున్నాం? మనసు చెడ్డదయ్యి కాదు. టైమ్ లేక.

1973లో అమెరికాలో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. ప్రిన్స్‌టన్‌లో మత బోధకులు కావడానికి చదువుతున్న 40 మంది కుర్రాళ్లను తీసుకున్నారు. ఇంకో బిల్డింగ్‌కు పోయి ఒక చిన్న ప్రసంగం చేయాలన్నారు. వాళ్లలో కొందరికి ఇచ్చిన విషయం ఏంటో తెలుసా? దారిలో దెబ్బతిని పడి ఉన్న మనిషిని ఆదుకున్న బైబిల్ కథ. పోయే దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. వాళ్లు పెట్టిన మనిషే.

[గ్రాఫిక్: మూడు నిలువు పట్టీలు. 63, 45, 10.]

తొందర లేదని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఆగారు. కాస్త తొందర ఉన్నవాళ్లలో 45. “ఇప్పటికే లేటయింది, పరుగెత్తు” అని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే. ఏ విషయం మీద మాట్లాడబోతున్నారన్నది పెద్ద తేడా చూపలేదు. ఆదుకోవడం గురించి చెప్పడానికి పోతూ, పడిపోయిన మనిషిని దాటుకుంటూ పోయినవాళ్లు కూడా ఉన్నారు. 40 మంది అంటే చిన్న ప్రయోగమే, దాని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టొద్దు. కానీ హైదరాబాద్–విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటుతూ రోజూ పోయేవాళ్లకు ఈ లెక్క కొత్తగా ఏమీ అనిపించదు. బోల్తా పడిన బైకు పక్కన స్పీడు తగ్గుతుంది, అద్దం దిగుతుంది, ఫోన్ బయటికొస్తుంది, మళ్లీ గేరు పడుతుంది. కారులో ఉన్నవాళ్లు రాక్షసులు కారు. ఎనిమిదింటికి పంచ్ కొట్టాలి.

దీంట్లో భయం కూడా కొంత ఉంది, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందేమోనని. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద ఆ కారణంగా కేసు ఉండదు. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం పేరు, అడ్రస్ చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా నిలబడండి. సాయం చేయడం మీ విలువే అయితే దానికి కావలసింది పొద్దున పదిహేను నిమిషాలు ముందు బయల్దేరడం.

మరి నా వరుస ఏంటో నాకు తెలిసేది ఎట్లా?

మీకు కడుపు మండిన సంగతులు గుర్తు చేసుకోండి. సినిమా టికెట్ దొరకని కోపం లాంటిది కాదు, రెండు రోజులైనా నిద్రపట్టనివ్వనిది. ఆ మంట కింద మీకు ప్రాణమైనదేదో ఉంటుంది. మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి విషయమే చూడండి. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఒకాయన తెలంగాణలో తెలుగు కవులే లేరని రాశాడు. ఆ మాటకు నాలుగు ఘాటు వ్యాసాలు రాసి ఊరుకోవచ్చు. ఆయన మాత్రం ఊరూరి నుంచి పద్యాలు తెప్పించాడు. 1934లో 354 మంది కవులతో ఒక సంచిక వేశాడు. అది తిరుగులేని జవాబయింది. కోపం ఎవరికైనా వస్తుంది. దానికోసం ఉత్తరాలు రాసి, వచ్చినవి ఏరి, సరిచేసి, ప్రూఫులు దిద్దేంత ఓపిక పెట్టామంటే అది మన విలువ. పెట్టలేదంటే ఒట్టి వాట్సాప్ స్టేటస్.

ఇంకో గుర్తు, ఈమధ్య దేనికి ‘వద్దు’ అన్నారో చూసుకోండి. అవునన్న వాటిలో మన ఇష్టమెంతో, మొహమాటమెంతో తేల్చడం కష్టం. ‘ఆడంబరాలు నాకు పడవు’ అనే పెద్దమనిషే బిడ్డ పెళ్లికి అప్పు తెచ్చి, పెద్ద ఫంక్షన్ హాలే కావాలంటాడు. అడిగితే నలుగురూ ఏమనుకుంటారో అంటాడు. ఆ నలుగురు ఎవరో పేర్లు రాయమంటే మూడో పేరు దగ్గర ఆగిపోతాడు.

[విజువల్: మళ్లీ వడ్ల సెంటర్. చెక్క బల్ల మీద రిజిస్టర్, పక్కన తేమ మిషన్.]

మొహమాటం అంటే గుర్తొచ్చింది, ఆ అక్కను అక్కడే వదిలేశాం. ఆమె ఏం చేయాలి? నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. చిన్నాయన ఎదుట నిలబడ్డాక ఆలోచించుకుందామంటే ఆలస్యమైనట్టే. ఆయన ఎత్తుకుని పెంచిన మనిషి. ఆ క్షణంలో ఎవరైనా కరుగుతారు. ముందే తేల్చుకోవాలి.

పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు ఈ పద్ధతి మీద చాలా పని చేశాడు. ‘న్యాయంగా ఉంటాను’ అనే ఉద్దేశం ఒక్కటే ఉంటే సరిపోదు. ‘ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే కట్టుకున్న మాట అయితే పని జరిగే అవకాశం పెరుగుతుంది. అక్కకైతే అది ఇలా ఉంటుంది: చుట్టపోళ్లు సీరియల్ మార్చమంటే, రిజిస్టర్ వాళ్ల వైపు తిప్పి చూపిస్తా. అంతే. ఉపన్యాసం అక్కర్లేదు.

దానికి తోడు, ఆ మాట పదిమందిలో చెప్పి ఉంచడం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో జరిగింది అదే. వినోబా భావే ముందు భూమిలేని దళితులు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆయన ఆ మాట ఇంట్లో కూర్చుని మనసులో అనుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అందరి ముందు అన్న మాట మనిషిని పట్టి ఉంచుతుంది. సీజన్ మొదట్లోనే సంఘం మీటింగ్‌లో “సీరియల్ ప్రకారమే కాంటా, నా ఇంటోళ్లదైనా సరే” అని చెప్పి, ఒక బోర్డు రాసి పెడితే, తర్వాత చిన్నాయనకు కాదని చెప్పేది ఆ బోర్డే.

మరి కుటుంబం అనే విలువ ఏమైనట్టు? అక్కడే ఉంది. సాయంత్రం సెంటర్ మూసేశాక అక్క, ఆమె మొగుడు వెళ్లి చిన్నాయన కుప్ప మీద పట్టా కప్పి రావచ్చు. పొద్దున ఎండ రాగానే వడ్లు నెరపడానికి ఒక చెయ్యి వేయవచ్చు. సీరియల్ తప్పించకుండా ఆయనకు చేయగలిగింది చాలా ఉంది.

ఇదంతా విని కొందరు అడుగుతారు, ఇవన్నీ కడుపు నిండినోళ్ల ముచ్చట్లు కదా అని. సగం నిజమే. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు. డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టడానికి తరతరాలుగా వలసపోయిన జనం. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి ముంబైకో పుణెకో బస్సెక్కిన తల్లిని పట్టుకుని, కుటుంబం నీ విలువ కాదా అని అడగడం కంటే మూర్ఖత్వం లేదు. ఆమె ఆ విలువ కోసమే బస్సెక్కింది. వర్షం, అప్పు, మేస్త్రీ కలిసి ఆమెకు ఇచ్చిన దారి అదొక్కటే. కాబట్టి పక్కవాడి విలువలు కొలిచే ముందు వాడి ముందు ఎన్ని దారులున్నాయో చూడండి. మీ ముందు రెండు మూడు దారులు ఉన్నాయా? అయితే ఈ వీడియో మీకే.

చివరగా ఒక పని ఇస్తాను. ఇది నోటుబుక్కుతో అయ్యేది కాదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పది పన్నెండేళ్ల పిల్లలుంటే కూర్చోబెట్టుకుని అడగండి: “మీ నాయనకు అన్నిటికంటే ఏది ముఖ్యమనుకుంటున్నవ్?” పిల్లలు లేకపోతే ఇంటామెను అడగండి, ఇంటాయనను అడగండి, ఒకే గదిలో ఉండే దోస్తును అడగండి. ఆలోచించుకోవడానికి టైమ్ ఇవ్వకండి, నోటికొచ్చిన మొదటి మాటే కావాలి. ‘ఫోన్’ అని రావచ్చు. ‘తాతమ్మ’ అని రావచ్చు. ‘ఎవరైనా ఇంటికొస్తే అన్నం పెట్టుడు’ అని రావచ్చు. ఏమొచ్చినా కామెంట్‌లో రాయండి, చదువుతాను. జవాబు నచ్చకపోతే మాత్రం పిల్లలతో వాదన పెట్టుకోకండి. వాళ్లు లిస్టు చదివి చెప్పలేదు, రోజూ మిమ్మల్ని చూసి చెప్పారు.