ఎనిమిది నేషనల్ లీగ్ టైటిళ్లు గెలిచి మాయమైపోయిన జట్టు: వెంబ్లీ లయన్స్

[తెర మీద: నలుపు తెలుపు ఫొటో. నాలుగు బైకులు మలుపులో ఎడమ వైపుకి వాలిపోయి ఉంటాయి, వెనక చక్రాల నుంచి మట్టి ఎగసిపడుతుంటుంది.]

1936 సెప్టెంబర్ 10, లండన్. వెంబ్లీ స్టేడియంలో స్పీడ్‌వే అనే బైక్ రేసుల ఆటకి మొట్టమొదటి ప్రపంచ ఫైనల్ జరుగుతోంది. 70 వేల మందికి పైగా వచ్చారు. బ్లూయీ విల్కిన్సన్ అనే ఆస్ట్రేలియా రైడర్ ఆ రాత్రి దిగిన ఐదు రేసులూ గెలిచాడు. 15కి 15 పాయింట్లు. అయినా అతనికి దక్కింది మూడో స్థానం.

ఒక్క రేసు కూడా ఓడనివాడు మూడోవాడు ఎలా అయ్యాడు? ఆ ఏడాది పెట్టిన బోనస్ పాయింట్ల వల్ల. ముందు రౌండ్లలో తెచ్చుకున్న బోనస్‌ని ఫైనల్ పాయింట్లకి కలిపారు. విల్కిన్సన్‌కి 15, బోనస్ 10, మొత్తం 25. లయనెల్ వాన్ ప్రాగ్‌కి 14, బోనస్ 12, మొత్తం 26. ఎరిక్ లాంగ్టన్‌కి 13, బోనస్ 13, అతనికీ 26. లెక్క ప్రకారం సరే గానీ, విల్కిన్సన్‌కి జరిగింది అన్యాయమనే నేను అంటాను.

సమానంగా నిలిచిన ఇద్దరికీ మళ్లీ ఒక రేసు పెట్టారు. లాంగ్టన్ తొందరపడి, రేసు మొదలయ్యే చోట అడ్డంగా కట్టే స్టార్టింగ్ టేపుల్ని తెంపేశాడు. నిబంధన ప్రకారం అతను బయటికి పోవాలి, వాన్ ప్రాగ్ ఊరికే ఛాంపియన్ అయిపోవాలి. వాన్ ప్రాగ్ ఒప్పుకోలేదు. రేసు గెలిచే ఛాంపియన్ అవుతాను, అలా వద్దన్నాడు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి లాంగ్టన్ ముందు దూసుకెళ్లి చివరి మలుపు దాకా ఆధిక్యం వదల్లేదు. ఆ చివరి మలుపులో దొరికిన చిన్న సందులోంచి వాన్ ప్రాగ్ దూరిపోయాడు. అలా మొదటి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

వాన్ ప్రాగ్ ఆడింది వెంబ్లీ లయన్స్ జట్టుకి. ఈ వీడియో ఆ జట్టు గురించే. బ్రిటన్ నేషనల్ లీగ్‌లో ఎనిమిది సార్లు ఛాంపియన్లుగా నిలిచిన ఈ జట్టు ఇప్పుడు లేదు. ట్రాక్ మీద ఓడిపోవడం వల్ల మూతపడలేదు. మరి ఎందుకు మూతపడిందో తెలియాలంటే, ముందు ఆ స్టేడియం ఎవరి చేతిలో ఉండేదో తెలియాలి.

[తెర మీద: స్పీడ్‌వే బైక్ బొమ్మ. ఒక్కో భాగం వెలుగుతుంది.]

దానికన్నా ముందు ఆట సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే మన దగ్గర ఇది చూసినవాళ్లు తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మట్టి ట్రాక్. ఒక్కో రేసులో నలుగురు రైడర్లు, నాలుగు ల్యాప్‌లు. మొదటివాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, ఆఖరివాడికి సున్నా. జట్ల మధ్య మ్యాచ్ అయితే ఒక్కో వైపు నుంచి ఇద్దరిద్దరు దిగుతారు. రేసు ఒక నిమిషం చుట్టుపక్కల అయిపోతుంది.

బైక్‌కి 500 సీసీ ఇంజిన్, ఒకటే సిలిండర్, ఒకటే గేరు. ఇంధనం మిథనాల్. బ్రేకులు మాత్రం ఉండవు. నిజంగానే, అసలు బ్రేకే ఉండదు. మరి మలుపు ఎలా తిరుగుతారు? రేసులన్నీ ఎడమ చేతి వైపు తిరిగేవే. మలుపు దగ్గరికి రాగానే రైడర్ బైక్‌ని ఎడమకి వాల్చి, యాక్సిలరేటర్ తగ్గించకుండా వెనక చక్రాన్ని కావాలనే బయటికి జారనిస్తాడు. ఎడమ బూటుకి అడుగున ఉక్కు రేకు తొడుక్కుంటాడు. ఆ కాలు నేల మీద రాసుకుంటూ పోతుంది. అప్పుడు ఒక్కసారి ముందు చక్రం చూడండి. బైక్ తిరిగేది ఎడమకి, చక్రం చూసేది కుడికి. నలుగురు రైడర్లు పక్కపక్కనే ఇలా జారుతూ ఒకే మలుపులోకి వెళ్తారు. ముందువాడు పడితే వెనకవాడు తొక్కడానికి బ్రేక్ లేదు కాబట్టి, తన బైక్‌ని కూడా పక్కకి పడేయడమే దారి. చాలామంది రైడర్లు అలా కావాలనే పడిపోయి ఎదుటివాడి ప్రాణం కాపాడారు.

ఈ ఆట ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. బ్రిటన్‌లో పెద్ద ఎత్తున మొదలైంది మాత్రం 1928 ఫిబ్రవరి 19న, ఎసెక్స్‌లోని హై బీచ్ అడవిలో ఒక పబ్ వెనక ఉన్న మైదానంలో. నిర్వాహకులు అనుకున్న దానికి ఎన్నో రెట్ల జనం విరగబడ్డారు. ఏడాది తిరక్కుండానే బ్రిటన్‌లో ఊరూరా ట్రాకులు వెలిశాయి.

[తెర మీద: 1924 నాటి వెంబ్లీ ప్రదర్శన ఫొటోలు.]

ఇప్పుడు ఆర్థర్ ఎల్విన్ దగ్గరికి వద్దాం. 1924లో వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగింది. అందులో భారతదేశానికీ ఒక పెవిలియన్ ఉండేది. ఎల్విన్ ఆ ప్రదర్శనలో సిగరెట్లు అమ్మే చిన్న కొట్టులో పనిచేసేవాడు. ప్రదర్శన ముగిశాక అక్కడి కట్టడాల్ని కూల్చి, ఆ సామాను అమ్మే పని పట్టాడు. అందులో డబ్బు కళ్లజూశాడు. పక్కనే భారీ స్టేడియం ఏం చేయాలో ఎవరికీ తెలియక పడి ఉంది. ఏడాదికి ఒక ఫుట్‌బాల్ కప్ ఫైనల్ తప్ప దానికి పెద్దగా పని లేదు. 1927లో దాన్ని 1,27,000 పౌండ్లకి కొనడానికి ఎల్విన్ ఒప్పందం చేసుకున్నాడు. ముందు కట్టేది 12,000, మిగతాది పదేళ్లలో. ఆ ఏడాది డిసెంబర్‌లోనే గ్రేహౌండ్ కుక్కల పందేలు పెట్టి జనాన్ని రప్పించాడు. 1929లో స్పీడ్‌వే మొదలుపెట్టాడు. లయన్స్ పుట్టింది అప్పుడే.

స్టేడియాన్ని నడిపేదీ, జట్టుని నడిపేదీ ఒకరే. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఛాతీ మీద సింహం తల బొమ్మ ఉన్న జాకెట్లు, ఎరుపు తెలుపు రంగులు, గురువారం సాయంత్రాలు. అదీ లయన్స్ అంటే. 1930, 1931ల్లో సదరన్ లీగ్ గెలిచారు. 1932లో కొత్తగా వచ్చిన నేషనల్ లీగ్‌లోనూ వాళ్లే మొదటి స్థానం. తర్వాత నాలుగేళ్లు, 1933 నుంచి 1936 దాకా, మాంచెస్టర్‌కి చెందిన బెల్ వ్యూ ఏసెస్ వరసగా గెలిచింది. ఇందాక చెప్పుకున్న లాంగ్టన్ ఆ జట్టువాడే. ఈ బెల్ వ్యూ పేరు కూడా మర్చిపోకండి, మళ్లీ వస్తుంది.

యుద్ధం వచ్చింది, ఆట ఆగింది. వాన్ ప్రాగ్ ఆస్ట్రేలియా వైమానిక దళంలో పైలట్ అయ్యాడు. 1942లో ఇప్పటి ఇండోనేషియాలోని సుంబా దీవి దగ్గర జపాన్ విమానాలు అతని విమానాన్ని కూల్చేశాయి. గాయపడిన సహచరుల్ని నీళ్ల మీద తేలేలా పట్టుకుని, సొరచేపల మధ్య సుమారు 30 గంటలు సముద్రంలోనే గడిపాడు. అందుకు జార్జ్ మెడల్ ఇచ్చారు. టేపులు తెంపిన ప్రత్యర్థికి ఇంకో అవకాశం ఇచ్చినవాడు ఇతనే.

[తెర మీద: నిండిన గ్యాలరీలు.]

1946లో ఆట మళ్లీ మొదలైంది. యుద్ధంతో విసిగిపోయిన జనానికి వినోదం కావాలి, చవకగా కావాలి. స్పీడ్‌వేకి అంతటి మంచి కాలం మళ్లీ రాలేదు. బెల్ వ్యూ నుంచి వచ్చిన బిల్ కిచెన్ కెప్టెన్. లయన్స్ 1946లో ఛాంపియన్లు, 1947లోనూ వాళ్లే.

1948లో ఏమైందంటే, వెంబ్లీకి ఒలింపిక్స్ వచ్చాయి. అథ్లెటిక్స్ కోసం మైదానం అంతా మార్చేశారు. లయన్స్ తమ ఇంటి మ్యాచ్‌లు వింబుల్డన్ జట్టు ట్రాక్ మీద ఆడుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది లీగ్ న్యూ క్రాస్ అనే ఇంకో లండన్ జట్టు చేతికి పోయింది. ఆ ఒలింపిక్స్‌లోనే, ఆగస్టు 12న, అదే వెంబ్లీ మైదానంలో మన హాకీ జట్టు బ్రిటన్‌ని 4-0తో ఓడించి స్వతంత్ర భారతానికి మొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. ఆ మ్యాచ్ గురించి చదివిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉంటుంది. ఆ స్టేడియం అసలు కాపులు ఆ వేసవిలో పరాయి ట్రాక్ మీద ఉన్నారన్న సంగతి కూడా అప్పుడే గుర్తొస్తుంది.

తిరిగి సొంత ట్రాక్ మీదికి రాగానే లయన్స్ ఏం చేశారో చూడండి. 1949, 1950, 1951, 1952, 1953. వరసగా ఐదు టైటిళ్లు. 1949లో టామీ ప్రైస్ ఇంగ్లండ్ నుంచి మొదటి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వేల్స్ కుర్రాడు ఫ్రెడ్డీ విలియమ్స్ 1950లో, మళ్లీ 1953లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇద్దరూ లయన్సే. ఇద్దరూ గెలిచింది వెంబ్లీలోనే.

[తెర మీద: లండన్ మ్యాప్. జట్ల పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోతాయి.]

కానీ 1953 నుంచి చుట్టూ ఏం జరుగుతోందో గమనించండి. ఆ సీజన్ మధ్యలోనే న్యూ క్రాస్ తప్పుకుంది. 1954 చివర్లో హారింగే మూతపడింది. 1955 చివర్లో వెస్ట్ హామ్. టికెట్ డబ్బుల్లో పెద్ద వాటా వినోదపు పన్ను తినేస్తోంది. ఇళ్లలోకి టీవీ వచ్చింది. లండన్‌లో మిగిలింది వెంబ్లీ, వింబుల్డన్, అంతే. పక్క పేట జట్టుతో పోటీ ఉంటేనే కదా గ్యాలరీలు నిండేది! 1956లో ప్రైస్, విలియమ్స్ ఇద్దరూ రిటైర్ అయ్యారు.

అయినా ఎల్విన్ జట్టుని వదల్లేదు. అప్పటికి ఆయన సర్ ఆర్థర్ ఎల్విన్. 1957 ఫిబ్రవరిలో ఓడ ప్రయాణంలో ఉండగా ఆయన చనిపోయారు. కొత్త సీజన్ ఇంకా మొదలు కాలేదు. స్టేడియం కంపెనీ లయన్స్‌ని లీగ్ నుంచి ఉపసంహరించుకుంది.

ఎనిమిది నేషనల్ లీగ్ టైటిళ్లు గెలిచిన జట్టు ఒక్క మనిషితో పాటే వెళ్లిపోయింది. పన్నులు, టీవీ నిజమే, కాదనను. కానీ అవే పన్నులు కట్టి, అదే టీవీని తట్టుకుని వింబుల్డన్ నిలబడింది, ఆ తర్వాత కూడా టైటిళ్లు గెలిచింది. వెంబ్లీలో ఆట మీద ప్రేమున్నవాడు యజమాని కుర్చీలో ఉన్నంతకాలమే జట్టు ఉంది. లయన్స్ సొంత ఇంట్లో ఉన్నట్టు కనిపించారు గానీ, నిజానికి ఉన్నది అద్దె ఇంట్లో. ఇంటాయన మంచివాడు కాబట్టి అన్నేళ్లు తెలియలేదు.

[తెర మీద: 1970 నాటి రంగుల ఫొటోలు.]

పదమూడేళ్ల తర్వాత ఇంకో ప్రయత్నం జరిగింది. పాత లయన్స్ రైడర్ ట్రెవర్ రెడ్మండ్, బెర్నార్డ్ కాట్రెల్ అనే ఆయన కలిసి 1970లో వెంబ్లీకి జట్టుని తిరిగి తెచ్చారు. లీగ్‌లో చోటు కోసం స్కాట్లండ్‌లోని కోట్‌బ్రిడ్జ్ జట్టు లైసెన్స్ తీసుకున్నారు. ఆ కోట్‌బ్రిడ్జ్ అసలు ఎవరు? ఎడిన్‌బరో మోనార్క్స్. 1970 కామన్‌వెల్త్ క్రీడల కోసం కొత్త స్టేడియం కట్టాలని 1967 తర్వాత వాళ్ల మైదానం పోయింది. అప్పుడు కోట్‌బ్రిడ్జ్‌కి, అక్కడ రెండేళ్లు ఆడాక వెంబ్లీకి. అక్కడి నుంచి వచ్చిన బెర్ట్ హార్కిన్స్ కొత్త లయన్స్‌కి కెప్టెన్. ఐదు సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన స్వీడన్ రైడర్ ఓవె ఫుండిన్ కూడా 1970లో ఈ జట్టుకి ఆడాడు. జనం బాగానే వచ్చారు. కానీ ఈసారి స్టేడియం తేదీల మీద జట్టుకి పట్టు లేదు. 1971 సీజన్ అయ్యాక తేదీలు దొరకలేదు. లయన్స్ కథ అక్కడితో అయిపోయింది.

వెంబ్లీలో ఆ తర్వాత కూడా ప్రపంచ ఫైనల్స్ జరిగాయి. ఆఖరిది 1981లో, అమెరికన్ బ్రూస్ పెన్హాల్ గెలిచాడు. పాత స్టేడియాన్ని కూల్చేసి కొత్తది కట్టారు, 2007లో తెరిచారు.

ఇప్పుడు బెల్ వ్యూ. వాళ్ల హైడ్ రోడ్ మైదానం 1987లో అమ్ముడైపోయింది. మరుసటి ఏడాదే ఆ పక్కనే ఉన్న గ్రేహౌండ్ స్టేడియంలో ఆడటం మొదలుపెట్టారు. జట్టు అక్కడే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చింది. 2016లో వాళ్ల కోసం మాంచెస్టర్‌లో నేషనల్ స్పీడ్‌వే స్టేడియం తెరిచారు.

మాంచెస్టర్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, ఈసారి సీజన్‌లో ఒక సాయంత్రం వెళ్లి రండి. పిల్లల్ని తీసుకెళ్లండి. మలుపు దగ్గర నిలబడి చూడండి, నలుగురూ ఒకేసారి బైకులు జార్చేది అక్కడే. తెల్ల బట్టలు మాత్రం వేసుకెళ్లకండి, మట్టి కంచె దాటి మీ మీదికి వస్తుంది.