గుంత అడుగున ఏముందో చూశాకే ఫుటింగ్ వేయండి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇల్లు కట్టబోతున్నారు, కొందరు ఇప్పటికే ముగ్గు పోసి గుంతలు తీయిస్తున్నారు, అందుకే నేరుగా విషయానికి వస్తాను. ఫుటింగ్, అంటే పిల్లర్ కింద వేసే కాంక్రీటు పునాది, ఎంత సైజు పెట్టాలని అడిగితే తరచూ వచ్చే జవాబు "పక్కింటికి ఐదడుగులు వేశాం, మీకూ అదే చాలు" అని. ఈ మాట వింటే నాకు నిజంగా భయమేస్తుంది.

పిల్లర్ మీద పడే బరువును నేల మోయగలిగే బరువుతో భాగిస్తే వచ్చేదే ఫుటింగ్ వైశాల్యం. ఒక పిల్లర్ మీద 30 టన్నులు పడుతుందనుకోండి, ఫుటింగ్ సొంత బరువు కింద 10 శాతం కలిపితే 33. చదరపు మీటరుకు 15 టన్నులు మోసే నేలైతే 2.2 చదరపు మీటర్లు, అంటే ఐదడుగులకు ఐదడుగులు సరిపోతుంది. అదే 10 టన్నులే మోసే నేలైతే 3.3 చదరపు మీటర్లు, ఆరడుగులకు ఆరడుగులు కావాలి. ఇల్లు అదే, పిల్లర్ అదే, మారింది మన్ను ఒక్కటే.

మన తిరుపతిలో ఆ మన్ను ఒక్కో వీధిలో ఒక్కోలా ఉంటుంది. కొండ వైపు కొద్ది లోతులోనే బండో మొరుసో తగలొచ్చు, స్వర్ణముఖి వైపు పోతే ఇసుక, ఒండ్రు, ఒకప్పుడు కుంట ఉన్నచోట ప్లాట్లు వేసుంటే పైన తోలిన మట్టి, కింద బంకమన్ను. తోలిన మట్టి ఎన్నేళ్లయినా తోలిన మట్టే, దాన్ని దాటి అసలు నేల దాకా తవ్వాల్సిందే. కొన్ని ఫుటింగ్‌లు బండ మీద, కొన్ని మెత్తటి మట్టి మీద కూర్చుంటే ఇంకా ప్రమాదం. ఇల్లంతా సమానంగా కాస్త దిగితే గోడలు తట్టుకుంటాయి గానీ, ఒక్క మూలే దిగితే కిటికీల దగ్గర ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి, ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా మళ్లీ వస్తాయి.

నీళ్ల సంగతి వేరే చెప్పాలా? 2021 నవంబర్ వానల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో ఖాళీ చేసి శుభ్రం చేస్తున్న సిమెంటు రింగుల తొట్టి భూమిలోంచి పైకి లేచింది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఖాళీ బిందెను నీళ్లలో ముంచితే పైకి తన్నినట్టే అది. నేలలో నీళ్లు అంత నిండినప్పుడు మన్ను మోసే శక్తి కూడా బాగా పడిపోతుంది, కాబట్టి ఎండాకాలంలో గట్టిగా కనిపించిన గుంతను చూసి నిర్ణయం తీసుకోవద్దు, వానాకాలంలో ఆ వీధిలో బావి నీళ్లు ఎంత పైకొస్తాయో పాతకాపులను అడగండి.

పని దగ్గర చూసుకోవాల్సినవి కొన్ని. గుంత ఎక్కువ లోతు పోతే మట్టితో పూడ్చకండి, బెడ్ కాంక్రీటుతోనే, అంటే ఫుటింగ్ కింద పరిచే కాంక్రీటుతోనే, పైకి తీసుకురండి. నేల కింది నుంచి పైకి నెడుతుంది కాబట్టి ఫుటింగ్ అడుగు భాగమే సాగుతుంది, కడ్డీల జాలి అడుగున ఉండేది అందుకే. కానీ అది బెడ్‌కు ఆనుకోకూడదు, కడ్డీల కింద 50 మిల్లీమీటర్ల కవర్, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. జాలిని ఆ ఎత్తులో నిలపడానికి చేతికందిన కంకర రాయి కాదు, కవర్ బ్లాకులే పెట్టించండి. గుంతలో నీళ్లుంటే తోడేశాకే కాంక్రీటు పోయండి, "దాంట్లోనే కలిసిపోతుందిలే సార్" అంటే ఒప్పుకోకండి. మట్టి పరీక్షకయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో చాలా చిన్నది, దాన్ని మాత్రం మిగిలించుకోకండి.

ఫోన్‌లో గుంతల ఫొటోలున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూసి మాట్లాడుకుందాం.