పంపే ముందు బెంగ, పంపాక నమ్మకం

శ్రోతలకు నమస్కారం.

ఆరున్నరకల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్ళిన పిల్లవాడు ఏడైనా రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆ అరగంటలో ఇంట్లోవాళ్ళ మనసు వెళ్ళని చోటంటూ ఉండదు. ఏడు దాటాక గేటు చప్పుడవుతుంది. తలుపు తీయగానే నోటి వెంట వచ్చే మొదటి మాట ఏమిటి?

చాలా ఇళ్ళలో ఆ మాట, "ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావ్?" వినడానికి అది కోపం. లోపల ఉన్నది భయం. పిల్లవాడి చెవికి మాత్రం కోపమే చేరుతుంది. వాడు నేర్చుకునేది కూడా ఒకటే: ఈసారి ఆలస్యమైతే దారిలోనే ఒక కథ అల్లుకుని రావాలి. అదే అమ్మ, "వచ్చావా నాన్నా, అరగంట నుంచి కంగారు పడుతున్నాను. ఏమైంది?" అని అడిగితే సైకిల్ టైరులో గాలి పోయిన సంగతి, ఫోన్లో చార్జింగ్ అయిపోయిన సంగతి, రెండూ బయటికొస్తాయి. ఆలస్యం గురించి గట్టిగా మాట్లాడాల్సిందే. కానీ గుమ్మంలో వద్దు. ఓ అరగంట ఆగి, గుండె దడ తగ్గాక, "మళ్ళీ ఇలా జరిగితే మాకెలా తెలియజేస్తావు?" అని అడగండి.

మొదటి మాటకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, పిల్లల సంగతులు మనకు తెలిసేది ప్రధానంగా వాళ్ళు చెప్పడం వల్లే. హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో 14 ఏళ్ళ పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ పరిశీలించి, 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లవాడు ఎక్కడికి వెళ్తున్నాడో, ఎవరితో ఉంటున్నాడో తల్లిదండ్రులకు ఎలా తెలుస్తోందని వాళ్ళు మూడు దారులుగా విడదీసి చూశారు: ఆరా తీయడం, కట్టడి చేయడం, పిల్లలు తమంతట తాము చెప్పడం. మొదటి రెండింటికన్నా మూడోదే పెద్ద దారి అని తేలింది. బుద్ధిగా ఉండే పిల్లలు ఎక్కువ చెబుతారా, చెప్పే అలవాటు వల్ల బుద్ధిగా ఉంటారా అన్నది విడదీయడం కష్టం. రెండూ కొంత ఉండవచ్చు. ఏదైనా, చెప్పిన ప్రతిసారీ తిట్లు తిన్నవాడు చెప్పడం మానేస్తాడు. అప్పుడు మన దగ్గర మిగిలేది నిఘా ఒక్కటే.

మరి బెంగ సంగతి? పిల్లల్ని కన్నాక బెంగ లేకుండా ఉండమనడం అయ్యే పని కాదు. బెంగను ఎక్కడ ఖర్చు పెడుతున్నామో చూసుకోవాలి. మనసులో సుడులు తిరుగుతున్న భయాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. "వాడికేమైనా అవుతుందేమో" అని రాస్తే లాభం లేదు. "రోడ్డు దాటేటప్పుడు బండి గుద్దుతుందేమో" అని రాయాలి. రాశాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది జరిగే అవకాశం నిజంగా ఎంత? జరిగితే సరిదిద్దుకోగలమా? ముందుగా నేను చేయగలిగింది ఏమిటి?

అన్నిటికన్నా బరువైనది రెండో ప్రశ్న. సరిదిద్దుకోలేనివి కొన్ని ఉన్నాయి: నీళ్ళు, రోడ్డు, నిప్పు, మందులు. వీటి దగ్గర చిన్నపిల్లల్ని నమ్మడం అనే మాటే వద్దు. నడక నేర్చిన పసివాడు మునిగిపోవడానికి నాలుగైదు సెంటీమీటర్ల లోతు నీళ్ళు చాలు. మునిగేవాళ్ళు కేకలు వేస్తారని అనుకుంటాం. చాలాసార్లు ఏ చప్పుడూ ఉండదు, ఎందుకంటే ఊపిరి అందని గొంతు అరవలేదు. అందుకే నీళ్ళ దగ్గర పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఫోన్ పక్కన పెట్టి ఉండాలి. రోడ్డు విషయమూ అంతే. తొమ్మిది, పది ఏళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలకు ఎదురుగా వచ్చే బండి వేగాన్నీ దూరాన్నీ కలిపి అంచనా వేయడం సరిగా రాదు. "మావాడు చాలా తెలివైనవాడండీ" అన్నది ఇక్కడ పనికిరాదు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే ఎనిమిదేళ్ళవాడూ ఈ అంచనాలో పొరబడతాడు.

ఇక సరిదిద్దుకోగలిగినవి. హోంవర్క్ మరిచిపోవడం, గొడుగు పోగొట్టుకోవడం, మోకాలు గీసుకుపోవడం, స్నేహితుడితో మాటలు మానేయడం, ఒక పరీక్షలో మార్కులు తగ్గడం. ఇవి బాధపెడతాయి, కానీ ఇవే పిల్లలకు బడి. బాధ కలిగించే సంగతేమిటంటే చాలా ఇళ్ళలో కాపలా తారుమారుగా ఉంటుంది. హోంవర్క్ డైరీని రోజూ పేజీ పేజీ తిప్పి చూస్తారు, హెల్మెట్ లేకుండా బండి మీద కూర్చోబెట్టుకుంటారు. మార్కులు రెండు తగ్గితే రాత్రంతా నిద్రపోరు, మందుల డబ్బా మాత్రం పిల్లలకు అందే అరలోనే ఉంటుంది.

మధ్యలో ఒక వర్గం ఉంది, కొంచెం ప్రమాదం కలిసిన ఆటలు. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో వీటిని ఆరు రకాలుగా చెప్పారు: ఎత్తులెక్కడం, వేగంగా పోవడం, పదునైన పనిముట్లు వాడటం, నీళ్ళూ నిప్పూ వంటివాటి దగ్గర ఆడటం, కుస్తీపట్లు, పెద్దల కనుచూపు దాటి పోవడం. పిల్లలు వీటికోసం వెంపర్లాడటం పెంకితనం కాదు. తమ భయాన్ని తామే కొలుచుకునే పద్ధతి అది. చెట్టెక్కుతున్న అమ్మాయినే చూడండి. పైకొమ్మ మీద కాలు పెట్టబోతుండగా కింద నుంచి "జాగ్రత్త! జాగ్రత్త!" అని కేక పడుతుంది. ఆ మాటలో ఏం చేయాలన్నది లేదు. అమ్మాయి కొమ్మ మీద నుంచి చూపు తిప్పి కేక వచ్చిన వైపు చూస్తుంది, పట్టు సడలేది అప్పుడే. దాని బదులు మామూలు గొంతుతో, "ఆ కొమ్మ కదులుతోందేమో చేత్తో నొక్కి చూడమ్మా", "ఎడమకాలు ఎక్కడ పెడతావ్?", "దిగేటప్పుడు ఏ దారి?" అనండి. చూపు కొమ్మ మీదే ఉంటుంది, ఆలోచన కాలి దగ్గరే ఉంటుంది. ఇంకొక నియమం: తానుగా ఎక్కలేని చోటికి పిల్లల్ని ఎత్తి ఎక్కించకండి. ఎక్కడం చేతకానివాళ్ళకు దిగడమూ చేతకాదు.

ఇప్పుడు నమ్మకాన్ని ఎలా అప్పజెప్పాలో చూద్దాం. "నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది" అని టోకున చెప్పడం బాగానే ఉంటుంది గానీ, పిల్లలకు అది బరువు. ఏ పనికి ఎంత నమ్మకమో విడివిడిగా ఇవ్వాలి. పదేళ్ళు దాటిన అమ్మాయి పది నిమిషాల నడకదూరంలో ఉన్న స్నేహితురాలి ఇంటికి ఒంటరిగా వెళ్తానంటోంది అనుకుందాం. మొదట కలిసి నడవండి, దారిలో ఆగాల్సిన చోట్లు మీరు చూపించండి. తరువాత ఆ అమ్మాయే దారి తీయాలి, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు దాటాలో తనే చెప్పాలి, మీరు పక్కన ఊరికే నడవాలి. మూడో మెట్టులో ఆమె ముందు, మీరు యాభై అడుగుల వెనక, ఆమెకు తెలిసేలా. నాలుగోది ఒంటరి ప్రయాణం: బయల్దేరేటప్పుడు ఒక మాట, చేరగానే ఒక ఫోన్. ఒక్కో మెట్టు మీద మూడు నాలుగు సార్లు నడిస్తే చాలు. మొత్తం రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది.

ఇందులో పెద్దవాళ్ళు ఎక్కువగా ఎగరేసేది రెండో మెట్టే. పక్కన నాన్న ఉంటే పిల్లలు రోడ్డు చూడరు, నాన్ననే చూస్తారు. వందసార్లు కలిసి నడిచినా దారి వాళ్ళ తలకెక్కదు. మరో పొరపాటు, వెళ్తుండగా మధ్యలో ఫోన్ చేయడం. "ఎక్కడున్నావ్?" అని మీరడిగే క్షణంలో అమ్మాయి రోడ్డు దాటుతూ ఉండవచ్చు. మన కంగారు తీర్చుకోబోయి మనమే ప్రమాదం తెచ్చిపెట్టినట్టవుతుంది. చేరగానే తనే చేయాలని మాట అనుకున్నాక, ఆ వేళ దాటి పది నిమిషాలయ్యేదాకా ఫోన్ ముట్టుకోకండి. పంపే ముందు మాత్రం కష్టమొస్తే ఏంచేయాలో నోటితో చెప్పించుకోండి. దారి మూసేశారు, ఏంచేస్తావ్? స్నేహితురాలి ఇంటికి తాళం ఉంది, ఏంచేస్తావ్? తెలిసినవాళ్ళెవరో బండెక్కమన్నారు, ఏంచేస్తావ్? మీ నంబరు ఫోన్లో ఉంటే చాలదు, నోటికి రావాలి.

పిల్లవాడే భయస్థుడైతే లెక్క మారుతుంది. "ఏమీ కాదు కదా?" అని రాత్రి పదిసార్లు అడుగుతాడు, మనం పదిసార్లూ "ఏమీ కాదు" అంటాం. ఆ క్షణానికి శాంతిస్తాడు, మర్నాడు పదిహేనుసార్లు అడుగుతాడు. ఎందుకంటే భయం దానంతటదే తగ్గుతుందని తెలుసుకునే అవకాశం వాడికి రాలేదు. ప్రతిసారీ మన మాటే దాన్ని తగ్గించింది. యేల్ విశ్వవిద్యాలయంలో ఇలై లెబోవిట్జ్ బృందం తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చే చికిత్సను రూపొందించింది. పిల్లల ఆందోళన తగ్గించడంలో, పిల్లలకు నేరుగా ఇచ్చే మానసిక చికిత్సతో అది సమానంగా పనిచేసిందని 2020లో ప్రచురించిన పోలికలో తేలింది. అందులో కీలకం ఇదే: భయానికి మనం చేస్తున్న ఊడిగాన్ని ఒక్కొక్కటిగా, ముందే చెప్పి, తగ్గించడం. "నీకు భయంగా ఉందని తెలుసు. దాన్ని తట్టుకోగలవనీ తెలుసు. ఇవాళ్టి నుంచి ఆ ప్రశ్నకు రాత్రిపూట ఒక్కసారే జవాబు చెబుతాను." మొదటి రోజుల్లో ఏడుపు పెరుగుతుంది. అప్పుడు కరిగిపోయి పదకొండోసారి జవాబు చెబితే, గట్టిగా ఏడిస్తే పనవుతుందని వాడికి నేర్పినట్టే.

పెద్దపిల్లల దగ్గర గొడవ ఫోన్‌తోనే. దొంగచాటుగా మెసేజ్‌లు చదవడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మామూలు రోజుల్లో అది చేయకండి. చదివాక తెలిసిన సంగతిని వాడుకోవాలంటే చదివానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మర్నాటికే మీకు తెలియని ఇంకో అకౌంట్ తెరుచుకుంటుంది. ఒప్పుకోకపోతే తెలియనట్టు నటిస్తూ వల పన్నే ప్రశ్నలు వేస్తాం. జవాబు తెలిసిన ప్రశ్న పిల్లల్ని అడగడం అంటే అబద్ధం ఆడమని పిలవడమే. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తు చేయాలి. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడుల్లోని మూడు నాలుగేళ్ళ పిల్లల్ని వాళ్ళు పోల్చారు. కఠినంగా శిక్షించే బడిలోని పిల్లలే ఎక్కువ అబద్ధమాడారు, ఆడిన అబద్ధాన్ని ఎక్కువ నేర్పుగా నిలబెట్టుకున్నారు కూడా. అందుకే "నిన్న క్లాసుకు వెళ్ళావా?" అని అడక్కుండా, "నిన్న నువ్వు క్లాసుకు రాలేదని ఫోన్ వచ్చింది. ఏమైందో చెప్పు" అనండి.

ఫోన్ మీద పర్యవేక్షణ అవసరమైతే బాహాటంగా ఉండాలి: ఏం చూస్తామో, ఎప్పటిదాకా చూస్తామో ముందే చెప్పాలి. ఎక్కడున్నారో చూపే యాప్ పెడితే ఇంట్లో అందరిదీ అందరికీ కనిపించాలి, నాన్నదీ పిల్లలకు కనిపించాలి.

టీనేజ్ పిల్లల తీరు పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో స్నేహితులు చూస్తున్నప్పుడు టీనేజర్లు కారు నడిపే ఆటలో ఎక్కువ తెగింపు చూపారు. పెద్దవాళ్ళలో అంత తేడా రాలేదు. కాబట్టి "మా అబ్బాయికి అన్నీ తెలుసు" అన్నది నిజమే కావచ్చు, నలుగురి మధ్య ఆ తెలిసింది పనిచేయకపోవచ్చు. బయటపడే దారి ఒకటి ముందే కట్టి ఉంచండి. ఉన్నచోట ఇబ్బందిగా ఉంటే పిల్లలు ఒకే ఒక అక్షరం మెసేజ్ పెడతారు. మీరు వెంటనే ఫోన్ చేసి, పక్కవాళ్ళకు వినపడేలా "ఇంట్లో పనుంది, నేనొస్తున్నా, బయల్దేరు" అంటారు. తప్పు మీ మీదికి పోతుంది, వాడి పరువు నిలుస్తుంది. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా వేయకూడదు. వేశారా, రెండోసారి ఆ అక్షరం రాదు.

నమ్మకాన్ని పక్కన పెట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. "ఇంట్లో చెప్పొద్దు" అంటూ పిల్లలతో రహస్యాలు నడిపే పెద్దవాళ్ళు, ఫొటోలు చూపించి బెదిరించడం, ఒంటి మీద కోసుకున్న గాట్లు, మత్తుపదార్థాలు, రెండు వారాలు దాటినా తిండీ నిద్రా స్నేహాలూ పూర్తిగా మారిపోయి ఉండటం. ఇక్కడ మొహమాటం వద్దు. గదిలోకి వెళ్ళాలి, ఫోన్ చూడాలి, చూస్తున్నానని చెప్పి చూడాలి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా, మందులూ పదునైనవీ అందకుండా తీసేసి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

అలాంటి గండం గడిచాక చాలామంది ఆ నిఘాను అలాగే ఉంచేస్తారు. అవసరం తీరినా తీసేయడానికి ధైర్యం చాలదు. మొదలుపెట్టేటప్పుడే ఒక తేదీ చెప్పండి: "నాలుగు వారాలు నీ ఫోన్ చూస్తాను, ఆ తరువాత కూర్చుని మాట్లాడుకుందాం" అని. పిల్లలు వేరే తప్పు చేసి ఏదైనా స్వేచ్ఛ పోగొట్టుకున్నప్పుడూ ఇదే పద్ధతి. ఒక మెట్టు కిందికి దించండి, అట్టడుగుకు తోసేయకండి. తేదీ వచ్చిన రోజు పిల్లలు గుర్తుచేసేదాకా ఆగవద్దు. అంతా కుదుటపడి ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోమని మీరే పిలిచి చెప్పండి, వాళ్ళు మార్చుకునేటప్పుడు చూపు పక్కకు తిప్పుకోండి.