గది కంటే ముందు స్టేషన్ చూసుకుందాం

పెద్దలకు నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు మరీ మరీ నమస్కారం. ఈ సాయంత్రం నేను చెప్పేది ఎక్కువగా మీ కోసమే.

మన కడపకు సముద్రం లేదు. పెన్న మన పక్క నుంచే పోయి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది గానీ, మనం చూడాలంటే రైలెక్కాల్సిందే. సెలవులొస్తే మనలో ఎక్కువమంది పోయేది చెన్నైకే. నందలూరు, రాజంపేట, కోడూరు, రేణిగుంట, అరక్కోణం మీదుగా దాదాపు 260 కిలోమీటర్లు. రైలు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చిక్కంతా దిగినాక ఎక్కడ ఉండాలన్న దగ్గరే వస్తుంది.

పదిహేనేళ్ల కిందట నేను చేసిన పొరపాటు చెప్తాను. ‘చెన్నై బీచ్’ అని ఒక స్టేషన్ ఉందని తెలిసి, దాని పక్కనే లాడ్జిలో గది ఫోన్‌లో మాట్లాడుకున్నాను. బీచ్ అని పేరుంటే బీచ్ ఉంటుందనే కదా ఎవరైనా అనుకునేది. సెంట్రల్‌లో దిగి, లోకల్ రైలెక్కి అక్కడికి పోయాం. మా చిన్నోడి చేతిలో ఇసుకలో ఆడుకోవడానికి తెచ్చుకున్న ఎర్ర బకెట్. బయటికొచ్చి చూస్తే ఎదురుగా పెద్ద రోడ్డు, వరసగా లారీలు, అవతల హార్బర్ గోడ, గోడ పైన క్రేన్ల తలకాయలు. వాడు అటూ ఇటూ చూసి, “నాయనా, సముద్రం యాడుంది?” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒకప్పుడు అలలు అక్కడిదాకా వచ్చేవి. ఇప్పుడు రాజాజీ సాలై అంటున్న ఆ రోడ్డు పాత పేరు ‘ఫస్ట్ లైన్ బీచ్’. హార్బర్ కట్టినాక సముద్రం దూరమైంది, పేరు మాత్రం స్టేషన్‌కు మిగిలిపోయింది. ఆ మూడు రోజులూ మెరీనాకు బస్సులో పోయి రావడమే సరిపోయింది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రి తిరిగొచ్చే బస్సులో సీటు దొరక్క, కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడింది. మూడో రోజు “మీరు పోయి రాండి, నేను గదిలోనే ఉంటా” అనేసింది. సముద్రం కోసం వచ్చిన మనిషి!

అప్పటి నుంచి గది వెతికేటప్పుడు మొదట ఇదే ఆలోచిస్తాను: రాత్రి 8 గంటలకు, తడి బట్టలతో, నిద్రకు తూగే పిల్లల్ని ఎత్తుకుని, గదికి ఎలా చేరతాం? పొద్దున పోవడం ఎవరికైనా సులువే. తిరిగి రావడం దగ్గరే అసలు పరీక్ష.

సెంట్రల్ దగ్గర్లోనే పార్క్ టౌన్ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి వేళచ్చేరి పోయే లోకల్ రైలు స్తంభాల మీద కట్టిన దారిలో నడుస్తుంది. 1997కి మైలాపూర్ దాకా, 2004లో తిరువాన్మియూర్ దాకా వచ్చింది. టికెట్టు 5, 10 రూపాయల్లో అయిపోతుంది. స్టేషన్లు ఎత్తులో ఉంటాయి, పెద్దవాళ్లుంటే మెట్ల సంగతి మరిచిపోవద్దు.

పార్క్ టౌన్ తర్వాత మూడో స్టేషన్ తిరువల్లిక్కేణి, మనం ట్రిప్లికేన్ అనేది. ఒకటి రెండు రోజులకైతే నా ఓటు దానికే. పార్థసారథి స్వామి గుడి, చవక లాడ్జీలు, టిఫిన్ హోటళ్లు అన్నీ దగ్గర దగ్గరే. మెరీనాకు నడిచి పోవచ్చు. రోడ్డు నుంచి నీళ్ల దాకా ఇసుకలోనే చాలా దూరం నడవాలి. నడవలేనివాళ్ల కోసం వివేకానంద ఇల్లం ఎదురుగా 2022లో ఇసుక మీద చక్క దారి వేశారు. ఒక్క జాగ్రత్త: తిరువల్లిక్కేణి తర్వాత వచ్చే ‘లైట్ హౌస్’ స్టేషన్ పేరు చూసి మోసపోవద్దు. లైట్ హౌస్ అక్కడి నుంచి బాగానే దూరం.

నాలుగు రోజులుంటే బెసంట్ నగర్ ప్రశాంతంగా ఉంటుంది. రైలు లేదు గానీ, బస్సులు బయలుదేరే టెర్మినస్ అక్కడే ఉంది. మొదటి స్టాపులో ఎక్కితే సీటు ఖాయం. మా అమ్మలాంటి వాళ్లకు అది ఎంత పెద్ద సంగతో చెప్పలేను. అక్కడి ఇసుకలో తెల్లటి కట్టడం ఒకటి కనబడుతుంది. 1930లో మునిగిపోతున్నవాళ్లను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి గుర్తుగా కట్టింది. పిల్లలకు అది చూపించండి, చూపించి నీళ్లలో లోపలికి పోనివ్వకండి. ఈత వచ్చినవాళ్లనూ లాగేసే అలలు అవి.

తిరువాన్మియూర్‌లో స్టేషన్ ఐటీ కంపెనీల రోడ్డు వైపు ఉంటుంది, బీచ్ కిలోమీటరున్నర పైనే. కాబట్టి గది స్టేషన్ దగ్గర కాదు, మరుందీశ్వరర్ గుడి, బస్టాండు వైపు చూసుకోండి.

విశాఖకు పోయేవాళ్లకూ ఇదే లెక్క. రుషికొండ గది ఫొటోలో ఎంత బాగున్నా, ఊళ్లోకి రావాలంటే ప్రతిసారీ బస్సు కోసం చూడాలి. ఆర్కే బీచ్ చుట్టుపక్కల ఉంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర. సిటీ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి టికెట్టు లేదు, ఆధార్ కార్డు మాత్రం పెట్టుకోండి.

రెండేళ్ల తర్వాత మా అమ్మను మళ్లీ చెన్నై తీసుకుపోయాను. ఈసారి ట్రిప్లికేన్‌లో, గుడి వీధిలో గది. రెండో రోజు తెల్లారి లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. నాకు గుండె జారిపోయింది. మెట్లు దిగి వీధిలోకి ఉరికితే, ఎదురుగా మెల్లగా నడిచొస్తోంది. చెప్పులు చేతిలో ఉన్నాయి, పాదాల నిండా ఇసుక. “మీరు నిద్రపోతాండారు గదా, అందుకే లేపలేదు” అంది.