జనం వచ్చారు, ప్రభుత్వం వచ్చింది

అందరికీ నమస్కారం. మీలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఎక్కువని చెప్పారు. అందుకే మీరు బాగా తిట్టుకునే ప్రశ్నే తీసుకున్నాను: ‘ది టీమ్ ఈజ్’ అనాలా, ‘ది టీమ్ ఆర్’ అనాలా?

ముందు మన తెలుగు చూడండి. “సభకు జనం వచ్చారు” అంటాం. జనం చివర ‘లు’ లేదు, అయినా క్రియ బహువచనం. “ప్రభుత్వం ప్రకటించింది” అంటాం. అందులో ఉన్నదీ మనుషులే, కానీ ‘ప్రకటించారు’ అనం. జనం అంటే తలకాయలు కనపడతాయి, ప్రభుత్వం అంటే కనపడవు. ఈ తేడా మనకు ఏ మాస్టారూ నేర్పలేదు.

ఇంగ్లీషులో చిక్కంతా ఇక్కడే. ఇంగ్లండ్ కామెంటేటర్ “ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ త్రీ” అంటాడు. అతని కళ్లముందున్నది పదకొండు మంది. దేశం గురించైతే అతనే ‘ఇండియా ఈజ్’ అంటాడు. అమెరికావాళ్లు జట్టుకు మామూలుగా ‘ఈజ్’ వాడతారు. చిత్రమేమిటంటే, ఒకప్పుడు వాళ్ల దేశం పేరే బహువచనం. 1787లో రాసిన రాజ్యాంగంలో దేశద్రోహం గురించిన వాక్యం చూడండి, యునైటెడ్ స్టేట్స్‌ను ‘దెమ్’ అంటుంది. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి పదమూడో సవరణలోనూ ‘దెయిర్’ అనే ఉంది. ఇవాళ ‘యునైటెడ్ స్టేట్స్ ఆర్’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘పోలీస్’ దగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు, ఎక్కడైనా ‘ఆర్’, ‘హావ్’. “పోలీసులు వచ్చారు” అని ఇంట్లో చక్కగా అనేవాళ్లమే పరీక్షలో ‘ది పోలీస్ హాజ్ కమ్’ అని రాసి మార్కు పోగొట్టుకుంటాం.

ఇక పరీక్ష సంగతి. కమిటీ ఒక్కమాటగా నివేదిక ఇస్తే ‘హాజ్ సబ్మిటెడ్ ఇట్స్ రిపోర్ట్’. సభ్యులకు వాళ్లలో వాళ్లకే పడకపోతే ‘వర్ డివైడెడ్’. గ్రామర్ పుస్తకాల్లో దీనికి జ్యూరీ ఉదాహరణే ఇస్తారు. మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీలు పోయి ఎన్నేళ్లయిందో! పుస్తకాల్లో మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. మీరు చూసుకోవాల్సింది కలగాపులగాన్ని. ‘హాజ్’తో మొదలెట్టి ‘దెయిర్’తో ముగిస్తే పేపర్ దిద్దేవాడు వదలడు.

నేనూ దిద్దేవాణ్ణే. ‘మై ఫ్యామిలీ ఆర్ ఎర్లీ రైజర్స్’ అని ఓ పిల్ల రాస్తే ఎర్రగా కొట్టేశాను. “మా ఇంట్లో అందరూ లేస్తారు సార్, ఇల్లు లేవదు కదా” అంది. ఆ మార్కు వేసేశాను.