పాట ఒక్కటే తీస్తే పండగ రాదు

(విజయనగరంలో ఒక డాక్యుమెంటరీ ప్రదర్శన అయ్యాక సంగీతం, సినిమా నేర్చుకుంటున్న పిల్లలతో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారమండి. సినిమా చూసిన ఊపులో ఉన్నారు కదా, ఆ ఊపు దిగకముందే నేను చెప్పదలచుకున్నది చెప్పేస్తాను. వెనక ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి, ఈ మైకుని నమ్ముకుని లాభం లేదు.

ఇప్పుడు మనం చూసింది అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ఏటా జరిగే జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్ మీద తీసిన సినిమా. ‘జాజ్ ఫెస్ట్: ఎ న్యూ ఓర్లీన్స్ స్టోరీ’, ఫ్రాంక్ మార్షల్, రయన్ సఫెర్న్ కలిసి తీశారు, 2022లో వచ్చింది. 2019లో యాభయ్యోసారి పండగ జరిగినప్పుడు కెమెరాలు పట్టుకుని దిగిపోయారన్నమాట. పెద్ద పెద్ద స్టార్లు బోలెడుమంది కనబడ్డారు. నిజం చెప్పాలంటే వాళ్ళు వచ్చిన చోటల్లా నాకు కాస్త బోరు కొట్టింది. స్టేజీ మీద స్టార్ పాడుతుంటే కింద జనం చేతులూపే షాట్ ఏ దేశంలో తీసినా ఒకటేలా ఉంటుంది. బ్రాస్ బ్యాండు వీధిలో నడుస్తుంటే దాని వెనకాల గొడుగులు తిప్పుకుంటూ, చిందులేస్తూ ఊరివాళ్ళు వెళ్తారు చూశారా, దాన్ని వాళ్ళు సెకండ్ లైన్ అంటారు, అది మాత్రం ఆ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా దొరకదు. సినిమా అక్కడ బతికింది.

ఆ పండగ మొదలైన తీరు కూడా వినదగ్గదే. జార్జ్ వీన్ అని, న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్ పెట్టినాయన, ఆయన్ని 1962లోనే న్యూ ఓర్లీన్స్‌లో ఇలాంటిదొకటి చెయ్యమని అడిగారు. కానీ అప్పటికి అక్కడ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఒక స్టేజీ ఎక్కడానికి, ఒక హోటల్లో దిగడానికి లేదు, చట్టమే ఒప్పుకోదు. అందుకని ఆగిపోయింది. చివరికి 1970లో జరిగింది. ఎక్కడనుకున్నారు, కాంగో స్క్వేర్‌లో. ఒకప్పుడు బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఆదివారం పూట చేరి డోళ్ళు వాయించుకుని ఆడుకున్న చోటు అది. టికెట్ 3 డాలర్లు. వచ్చిన జనం 350 మంది దాకా, వాయించడానికి వచ్చినవాళ్ళే అంతకన్నా ఎక్కువ! మహాలియా జాక్సన్ అంతటి గాయని ఆ పండగకి వచ్చి, బ్యాండు వెంట నడుస్తున్న గుంపులో కలిస్తే, వీన్ ఆవిడ చేతికి మైకిచ్చేశాడు, ఆవిడ అక్కడే పాడేసింది. జనం లేక వెలవెలబోయిన ఆ పండగే 1972లో గుర్రప్పందాల మైదానానికి మారి, తర్వాత లక్షల మంది వచ్చేదైంది.

2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చి ఊళ్ళో 80 శాతం నీట మునిగింది. 2006 వసంతంలో, ఇళ్ళకి ఇంకా తలుపుల్లేనప్పుడు, పండగ చేశారు. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడుతుంటే కింద నిలబడి ఏడుస్తున్న ముఖాల్ని చూపించారు కదా. ఆ సీన్లో కెమెరా స్టేజీ వదిలి జనం వైపు తిరగకపోతే మనకి ఏమీ అర్థమయ్యేది కాదు. హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని రాత్రులు గడిపిన మన జిల్లావాళ్ళకి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదనుకోండి.

సరే, మన ఊరికొద్దాం. మీలో ఎవరైనా విజయనగరం సంగీతం మీద సినిమా తీస్తానంటే, నాకు తెలుసు, మొదట ఏం రాసుకుంటారో. 1919లో విజయరామ గజపతి గారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని ‘నువ్వు విద్యార్థివేంటయ్యా’ అన్నట్టుగా అధ్యాపకుడిగా తీసుకున్నారు, ఘంటసాల గారు ఇక్కడి వీధుల్లో మధూకరం, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకోవడం, అలా ఎత్తుకుని చదువుకున్నారు, సుశీల గారు ఇక్కడే నేర్చుకున్నారు. అన్నీ నిజాలే, అన్నీ గొప్పవే. కానీ తెర మీద ఏం చూపిస్తారు? ఇద్దరు కుర్రాళ్ళకి పంచెలు కట్టి, చేతికి జోలె ఇచ్చి మన ఊరి చెరువు అయ్యకోనేరు గట్టు మీద నడిపిస్తారా? దయచేసి వద్దు, నవ్వొస్తుంది. ఆ కథ చెప్పగలిగిన పెద్దవాళ్ళ గొంతు రికార్డు చేసి, దాని కింద ఇవాళ్టి క్లాసుగదిని చూపించండి, చాలు. సంగీతంలో మొదటి పాఠమైన సరళీ వరస తప్పు పాడి మళ్ళీ మొదలుపెట్టే ఏడేళ్ళ పిల్ల ఉంటుంది చూడండి, ఆ పిల్లే మీ హీరోయిన్.

పుష్య బహుళ పంచమినాడు, త్యాగరాజ ఆరాధనలో, ఆయన అయిదు పంచరత్న కృతుల్నీ అందరూ కలిసి పాడే గోష్ఠి తీస్తారనుకోండి. నాట రాగంతో ఎత్తుకుని శ్రీరాగంతో ముగిస్తారు, ఆ వరస మీకు తెలుసు. వెళ్ళిన కెమెరా వాళ్ళంతా ఆ పాడే భాగం తీసుకుని వచ్చేస్తారు. నేనైతే గంట ముందు వెళ్ళి కూర్చుంటాను. వయొలిన్లు శ్రుతి చేసుకునే గొడవ, కళ్ళజోడు మర్చిపోయి పక్కావిడ పుస్తకంలోకి వంగి చూసే మామ్మ, ఎలక్ట్రానిక్ తంబురా ప్లగ్గు వదులై ఊడిపోతుంటే కాలివేలితో నొక్కి పట్టుకున్న కుర్రాడు. వరాళి రాగం కృతికొచ్చేసరికి వెనక వరస కొంచెం లాగుతుంది, ముందు వరసవాళ్ళు తల తిప్పకుండానే తొడ మీద తాళం గట్టిగా వేస్తారు. అదీ తియ్యాల్సింది. ముప్ఫై నలభై ఏళ్ళుగా ఏటా అదే చోట కూర్చునేవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు, ఆర్టిస్టుకన్నా ముందు వాళ్ళ ఇంటర్వ్యూ తీసుకోండి.

ఇప్పుడు కాస్త పనిలోకి దిగుదాం. సంగీతం సినిమాకి కెమెరా కన్నా సౌండు ముఖ్యం, ఇది ఎంత చెప్పినా పిల్లలు వినరు, డబ్బులన్నీ లెన్సుకి పెట్టేస్తారు. బొమ్మ కొంచెం చీకటిగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, గొంతు పగిలితే లేచిపోతారు. సౌండు ఆపరేటర్ దగ్గరకెళ్ళి, కాస్త మంచిగా మాట్లాడి, స్టేజీ మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి ఒక లైను తీసుకోండి. అదొక్కటే ఉంటే మాత్రం గాయకుడు ఖాళీ డబ్బాలో కూర్చుని పాడినట్టుంటుంది, అందుకని జనం మధ్యలో ఇంకో రెండు మైకులు పెట్టండి, భేష్ అన్న మాటా దగ్గూ కూడా రావాలి. మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఫోన్లతో తీసిన వీడియోలు వినండి ఒకసారి. డప్పు దెబ్బ పడగానే ఫోను తనంతట తానే శబ్దం తగ్గించేస్తుంది, మరుక్షణం మళ్ళీ పెంచుతుంది, తప్పెటగుళ్ళ వాళ్ళు రొమ్ము మీద కట్టుకున్న ఆ రేకు మోతంతా నలిగి ముద్దయిపోతుంది. అలా తనంతట తానే సర్దుకునే ఆ ఆటోమేటిక్ గెయిన్ ఆపేసి, లెవెల్ బాగా తగ్గించి పెట్టుకోండి. ఇంకొకటి, మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు పెడితే పందిరి లైట్లు మిణుకుమనవు.

అసలు టెన్షన్ అంతా పాత రికార్డింగుల గురించి. 1969 వేసవిలో న్యూయార్క్ హార్లెంలో జరిగిన కచేరీలని 40 గంటల దాకా వీడియో తీస్తే, ఎవరూ కొనక ఆ టేపులు దాదాపు యాభై ఏళ్ళు ఇంటి కింద గదిలో పడున్నాయి. 2021లో సినిమా అయ్యి, 2022లో ఆస్కార్ తెచ్చుకుంది. అక్కడి వాతావరణం వేరు. ఇక్కడ మన సముద్రపు గాలికి క్యాసెట్ ఇరవై ఏళ్ళు బీరువాలో ఉంటే తెల్లగా బూజు కమ్మేస్తుంది, ఆ బూజుతోనే ప్లేయర్లో పెడితే హెడ్డు పాడు, టేపూ పాడు. మీ వీధిలో పాత రసికులుంటే, హరికథలు, ఆరాధనలు, గుళ్ళో కచేరీలు రికార్డు చేసుకున్న ఇళ్ళుంటే, వెళ్ళి మంచిగా అడగండి. బూజుంటే ముట్టుకోకుండా తెలిసినవాళ్ళకి చూపించండి. బాగున్నదైతే ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి, అప్పుడు వాయించండి. ప్లేయర్ బెల్టు సాగిపోయి ఉంటే టేపు నెమ్మదిగా తిరిగి శ్రుతి దిగిపోతుంది, ‘అబ్బ, ఎంత మంద్రంగా పాడారో’ అని మనం పొంగిపోతాం! ఆ గాయకుడి శ్రుతి తెలిసిన శిష్యులెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని స్పీడు సరిచెయ్యండి.

అనుమతి సంగతి తేల్చుకోకుండా దేన్నీ నెట్‌లో పెట్టకండి. త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారు, కృతి అందరిదీ. కానీ దాన్ని పాడినవాళ్ళ హక్కు మన చట్టం ప్రకారం 50 ఏళ్ళు ఉంటుంది, రికార్డింగ్ హక్కు 60 ఏళ్ళు. ఒక కాయితం మీద నాలుగు వాక్యాలు రాయించుకుని సంతకం తీసుకోండి, చుట్టాలే కదా అని వదిలెయ్యొద్దు, చుట్టాల దగ్గరే తర్వాత తగువులొస్తాయి.

నా దగ్గర పనిచేసే క్యాసెట్ ప్లేయరొకటి ఉంది, బెల్టు ఈ మధ్యే మార్పించాను. ఇళ్ళల్లో టేపులున్నవాళ్ళు డబ్బా మీద ఎవరు, ఏ ఊళ్ళో, ఏ ఏడాది అన్నది తెలిసినంత రాసి పట్టుకురండి, ఆదివారం కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కిద్దాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ చివరి వరసలో చెయ్యెత్తిన అమ్మాయి అడగనీండి.